ఓరుగల్లు కోట: గోడలు చదువుతూ ఒక నడక

ముందుగా ఒక చిన్న పని. ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, వరంగల్ రైల్వే స్టేషన్‌కి దక్షిణం వైపు కొంచెం జరపండి. ఇళ్ళు, రోడ్లు, పొలాల మధ్యలో ఒక గుండ్రటి గీత కనబడుతుంది. కొంచెం జూమ్ అవుట్ చేస్తే దాని చుట్టూ ఇంకో పెద్ద గుండ్రటి గీత. కంపాస్ పెట్టి గీసినట్టే ఉంటాయి రెండూ. లోపలిది రాతికోట, బయటిది మట్టికోట. దాదాపు 750 ఏళ్ళ కింద గీసిన గీతలు ఇంకా ఆకాశం నుంచి కనబడుతున్నాయన్నమాట.

మనలో చాలామంది ఓరుగల్లు కోటకి వెళ్ళే ఉంటారు. నేరుగా బండి మీద తోరణాల దగ్గరికి వెళ్ళడం, టికెట్ తీసుకోవడం, నాలుగు ఫోటోలు దిగడం, బయటికొచ్చి కొబ్బరినీళ్ళు తాగడం. అది తప్పని నేననను. కానీ అలా వెళ్తే కోటని చూడం, కోట మధ్యలో ఉన్న ఒక గుడి శిథిలాన్ని మాత్రమే చూస్తాం. కోట అంటే గోడలు, గుమ్మాలు, అగడ్తలు. వాటి గుండా వెళ్తూ కూడా మనం వాటిని చూడం. అందుకే ఈ వ్యాసంలో బయటి నుంచి లోపలికి, కాలినడకన, పడమర వైపు మొదలుపెట్టి తూర్పు వైపు తేలుదాం. ఒక పూట చాలు.

ఇలా ఓరుగల్లులో నడుచుకుంటూ తిరగడం మన సాహిత్యంలో కొత్తేమీ కాదు. క్రీడాభిరామం అనే పుస్తకం ఉంది. దాన్ని వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు, కాదు శ్రీనాథుడే రాశాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవ మనకెందుకు గానీ, అందులో మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే ఇద్దరు స్నేహితులు రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. చూడటం, మాట్లాడుకోవడం, తినడం, అంతే. ఇప్పటి భాషలో చెప్పాలంటే సిటీ వ్లాగ్. నేను ఇంగ్లీష్ మీడియం కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని మెల్లగా చదివాను. నడకలో అక్కడక్కడ ఆ ఇద్దరినీ పిలుచుకుందాం.

పేరు

ఓరుగల్లు అంటే ఒరు, కల్లు. ఒరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. ఒంటిరాయి అన్నమాట. దాన్నే సంస్కృతంలో ఏకశిల అన్నారు, ఊరు ఏకశిలానగరం అయింది. కోట లోపల ఇప్పటికీ ఒక పెద్ద ఒంటిగుట్ట ఉంది, ఊరికి పేరు అక్కడి నుంచే వచ్చింది. పోతన తన ఊరు ఏకశిలానగరం అని చెప్పుకున్నాడు కదా, ఆ ఊరు ఇదా లేక కడప జిల్లా ఒంటిమిట్టా అని ఒక పెద్ద వాదనే నడిచింది. ఒంటిమిట్టకీ అదే అర్థం వస్తుంది మరి.

కాకతీయులు మొదట హనుమకొండ నుంచి పాలించారు. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది, రుద్రదేవుడిది. ఆ తర్వాత రాజధాని ఓరుగల్లుకి మారింది. రాతికోట పని గణపతిదేవుడి కాలంలో (1199–1262) ముఖ్యంగా సాగిందనీ, ఆయన కూతురు రుద్రమదేవి (1262–1289) గోడ ఎత్తు పెంచి చుట్టూ మట్టికోట కట్టించిందనీ మామూలుగా చెబుతారు. ఏడు కోటలుండేవని జనం చెప్పుకుంటారు. నడిచి స్పష్టంగా చూడగలిగేవి రెండు. వీటికి చాలా బయటగా, హనుమకొండ వైపు కూడా చుట్టుకుంటూ ఇంకో మట్టికట్ట ఉండేది, దాని వ్యాసం దాదాపు 12 కిలోమీటర్లు. అది మన కాళ్ళకి మించిన పని, వదిలేద్దాం.

మట్టికోట

స్టేషన్ వైపు నుంచి కోట రోడ్డు పట్టుకుని వస్తే ఒకచోట రోడ్డుకి రెండు పక్కలా మట్టి దిబ్బ లేస్తుంది. మీద తుమ్మచెట్లు, ముళ్ళపొదలు. ఎవరైనా చెబితే తప్ప అది గోడ అని అనుకోరు. చెరువు కట్ట అనుకుంటారు, లేకపోతే ఎవరో మట్టి పోశారనుకుంటారు. ఈ వ్యాసం చదివినవాళ్ళు ఒక్క పని చేస్తే నాకు సంతోషం: అక్కడ బండి ఆపి, దిగి, ఆ దిబ్బ ఎక్కండి.

ఎక్కితే రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, బయటి వైపు వాలు లోపలి వాలు కంటే నిట్రంగా ఉంటుంది. రెండు, బయట పల్లం ఉంటుంది. అదే అగడ్త, అంటే కందకం. ఆ పల్లంలోంచి తవ్విన మట్టే ఇటు పక్కన గోడ అయింది. ఒకే పనికి రెండు లాభాలు: ఎంత లోతు తవ్వితే అంత ఎత్తు గోడ. రాయి కొట్టి, బండ్ల మీద తెచ్చి, ఎత్తి పేర్చే పనితో పోలిస్తే ఇది ఎంతో చవక. పైగా మనవాళ్ళకి ఇది కొట్టినపిండి. కాకతీయుల కాలం అంటే పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కాలం. చెరువు కట్ట వేయడం తెలిసిన కూలీలకి కోట కట్ట వేయడం ఏం కష్టం? మట్టికోట చెరువు కట్టలా కనబడుతుందని ఇందాక అన్నాను కదా, దాన్ని కట్టిన చేతులూ ఆ చేతులే అయి ఉంటాయని నా ఊహ.

మట్టి బలహీనమైనదని మనకో అభిప్రాయం. యుద్ధంలో అలా కాదు. అప్పట్లో కోటల మీద రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు వాడేవారు, మంజనీకులు. రాతిగోడకి రాయి తగిలితే పగులు వస్తుంది, అతుకు కదులుతుంది. దట్టమైన మట్టికట్టకి తగిలితే? ఆ దెబ్బని మట్టి మింగేస్తుంది. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లుని ముట్టడించినప్పటి సంగతి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో పారసీలో రాశాడు. ఆయన గెలిచిన పక్షం మనిషి, ఓడిన కోటని పొగడాల్సిన అవసరం లేదు. అయినా ఈ మట్టిగోడ గట్టితనాన్ని తెగ పొగిడాడు. (గోడ ఎంత గట్టిదైతే గెలిచినవాడు అంత గొప్పవాడు, ఆ లెక్క కూడా ఉండొచ్చు లెండి.)

ఇక మన బ్రాంచ్ వాళ్ళకి ఇష్టమైన భాగం. మట్టికోట వ్యాసం దాదాపు 2.4 కిలోమీటర్లు, రాతికోటది దాదాపు 1.2. అంటే రెండు గోడల మధ్య దూరం ఏ దిక్కున చూసినా సుమారు 600 మీటర్లు. మంజనీకు విసిరే రాయి రెండు మూడు వందల మీటర్లు దాటడం కష్టం. కాబట్టి మట్టికోట బయట యంత్రం పెట్టుకున్నవాడికి రాతికోట అందదు. అందాలంటే మొదట మట్టికోట పడగొట్టాలి, తర్వాత ఆ బరువైన యంత్రాలన్నీ లోపలికి లాక్కు రావాలి. ఆ 600 మీటర్లలో దాక్కోవడానికి చోటు లేదు. ఇది కట్టినవాళ్ళు రాసిపెట్టిన మాట కాదు, కొలతలు చూసి నేను చెప్పే మాట.

ఇప్పుడు ఆ కట్ట చాలాచోట్ల తెగిపోయింది. రోడ్డు కోసం కోసినచోటు కొంత, మట్టి తీసుకెళ్ళినచోటు కొంత, వాన కోసినది కొంత. రాయి పోతే ఎవరో ఒకరు గమనిస్తారు, ఫోటో తీస్తారు. మట్టి పోతే ఎవరికీ తెలియదు. తోరణం మీద ఎవరైనా గీత గీస్తే పేపర్లో వస్తుంది, మట్టికోట ఒక ట్రాక్టర్ మేర తగ్గితే ఏ పేపర్లోనూ రాదు. రెండు గోడల్లో ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఇదే అని నాకనిపిస్తుంది.

గోడల మాటలు

రాతికోట దాకా పొలాల పక్కన నడవాలి, ఈలోగా కొన్ని మాటలు చూద్దాం. మనం ఇప్పుడు కోట ఉబ్బుని బురుజు అంటాం. అది అరబీ నుంచి వచ్చిన మాట. అంతకుముందు తెలుగులో దానికి కొత్తడం అనే పేరుంది. ఊరి గుమ్మానికి గవని. పెద్ద తలుపులు మూసి ఉన్నప్పుడు మనిషి ఒంగి దూరే చిన్న తలుపు దిడ్డి. మట్టికట్టని సంస్కృతంలో వప్రం అంటారు, గోడని ప్రాకారం అంటారు. ఈ ఊరినే ఖిలా వరంగల్ అంటారు, ఖిలా కూడా అరబీ మాటే. కోట అన్నా ఖిలా అన్నా ఒకటే, కానీ ఇక్కడ రెండూ బతికి ఉన్నాయి. బస్సు మీద ఒక మాట, పెద్దవాళ్ళ నోట ఇంకో మాట.

వీటిలో కొత్తడం అనే మాట పూర్తిగా పోయింది. దిడ్డి మాత్రం పల్లెల్లో ఇంకా ఉంది, ఇంటి వెనక చిన్న తలుపుని దిడ్డివాకిలి అంటారు కదా. కోట నుంచి పెరటికి వచ్చేసింది.

రాతికోట: గుమ్మం

పడమర గుమ్మం దగ్గరికి వస్తే రోడ్డు నేరుగా లోపలికి పోదు. గోడకి ఎదురుగా వెళ్ళి, పక్కకి తిరిగి, మళ్ళీ తిరిగి లోపలికి పోతుంది. రోజూ వెళ్ళే ఆటోలు మలుపు దగ్గర హారన్ కొట్టి మెల్లగా పోతాయి, ఎదుటి నుంచి వచ్చేది కనబడదు కాబట్టి. సరిగ్గా అందుకే అలా కట్టారు. కోట తలుపు బద్దలు కొట్టడానికి ఏనుగుని వాడేవారు. ఏనుగుకి ఊపు రావాలంటే నేరుగా పరుగెత్తడానికి చోటు కావాలి. ఇక్కడ ఆ చోటు ఉండదు. తిరిగేటప్పుడు మూడు వైపులా పైన గోడలు, గోడల మీద మనుషులు. లోపలికి వచ్చినవాడు గెలిచానని అనుకునే క్షణంలో బావి అడుగున నిలబడి ఉంటాడు. ఆ మలుపులో నిలబడి ఒకసారి పైకి చూడండి, నేనింత రాయక్కర్లేదు. (ఆటోలు చూసుకుంటూ.)

ఇప్పుడు మనం చూసే గుమ్మాల్లో అంతా కాకతీయుల పనే అనుకోకూడదు. 1323 తర్వాత ఈ కోట తుగ్లకుల చేతికి, ముసునూరి కాపయనాయకుడి చేతికి, రేచర్ల వెలమల చేతికి, బహమనీల చేతికి, షితాబ్ ఖాన్ చేతికి, చివరికి కుతుబ్‌షాహీల చేతికి వెళ్ళింది. వచ్చిన ప్రతివాడికీ గుమ్మం ముఖ్యమే కదా, కాలంతో పాటు మార్పులూ చేర్పులూ జరిగాయి. ఒక పాత కోడ్‌బేస్‌ని పది టీమ్‌లు వరసగా మెయింటైన్ చేసినట్టు.

గోడ, బురుజులు

గుమ్మం దాటాక వెంటనే తోరణాల వైపు పోకుండా, ఎడమకో కుడికో గోడ వెంబడి కొంచెం నడవండి. ఇక్కడే ఎక్కువసేపు ఉండాలని నా సలహా.

గోడ నల్లబడిన గ్రానైటు. పెద్ద పెద్ద దిమ్మలు, మధ్యలో సున్నం లేదు. బరువు మీద, అతుకు మీద నిలబడ్డాయి. బయటి ముఖం నిలువుగా ఉంటుంది. లోపలి ముఖం మాత్రం అలా కాదు. గోడకి ఆనించి మట్టి వాలు పోసి, దాని మీద రాతి మెట్లు పరిచారు. ఎక్కడో ఒకచోట కాదు, గోడ పొడుగునా మెట్లే. స్టేడియంలో గ్యాలరీ ఊహించుకోండి. దీని లాభం ఏంటి? మామూలు కోటలో గోడ ఎక్కడానికి అక్కడక్కడా మెట్లదారులుంటాయి, సైనికులంతా ఆ దారి దగ్గర గుమిగూడాలి. ఇక్కడ ఏ చోట నిలబడినవాడు ఆ చోటి నుంచే పైకి పరుగెత్తొచ్చు. శత్రువు ఏ వైపు నిచ్చెన వేసినా వెంటనే అక్కడ మనుషులు చేరతారు. పైగా ఆ మట్టి వాలు వెనక నుంచి గోడకి దన్ను. బయటికి రాతికోట, లోపలికి మళ్ళీ మట్టికోటే. మొదటిసారి ఆ మెట్లు చూసినప్పుడు నాకు తోరణాల కంటే ఇవే ఎక్కువ నచ్చాయి.

గోడ గుండ్రంగా ఎందుకుంది? ఇచ్చిన విస్తీర్ణాన్ని అతి తక్కువ చుట్టుకొలతతో చుట్టేది వృత్తమే, టెన్త్‌లోనే చదివాం. 1.2 కిలోమీటర్ల వ్యాసానికి చుట్టుకొలత దాదాపు 3.77 కిలోమీటర్లు. అంతే విస్తీర్ణం ఉన్న చతురస్రం కట్టుంటే 4.25 కావాలి. అంటే గుండ్రంగా కట్టడం వల్ల దాదాపు అర కిలోమీటరు గ్రానైటు గోడ, దాని మీద కాపలా, రెండూ మిగిలాయి. అయితే వృత్తానికో ఇబ్బంది ఉంది. గోడ మీద నిలబడినవాడికి తన కాళ్ళ కింద, గోడ అడుగున ఏం జరుగుతుందో కనబడదు. వంగి చూస్తే బాణం తగులుతుంది. గోడ బయటికి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి పక్కవాడికీ కనబడదు. అందుకే కొత్తడాలు, అంటే బురుజులు. గోడలోంచి అగడ్తలోకి పొడుచుకొచ్చిన పెద్ద చదరపు దిమ్మెలు, ఒక్కొక్కటి 12 నుంచి 18 మీటర్ల పక్కతో. వాటి పక్క ముఖం మీద నిలబడితే రెండు బురుజుల మధ్య గోడ అడుగంతా కనబడుతుంది.

రాతికోటకి 45 బురుజులు. 3.77 కిలోమీటర్లని 45తో భాగిస్తే సగటున 84 మీటర్లకొకటి. బురుజు వెడల్పు తీసేస్తే మధ్యలో మిగిలేది సుమారు 70 మీటర్లు. రెండు పక్కల నుంచీ బాణాలు వేస్తే ఒక్కో బురుజు చూసుకోవాల్సింది 35 మీటర్లు. విలుకాడికి అది గురి తప్పని దూరం.

ఇక్కడొక చిక్కుంది. ప్రతాపచరిత్ర లాంటి తర్వాతి కాలపు పుస్తకాల్లో ఓరుగల్లు కోటకి 77 బురుజులు, ఒక్కో బురుజుకి ఒక్కో నాయకుడు కాపలా అని ఉంటుంది. నాయంకర పద్ధతి గురించి చెప్పేటప్పుడు అందరూ ఈ 77 సంఖ్య వాడతారు. కానీ లెక్కపెడితే 45. మరి 77 అబద్ధమా? మట్టికోట బురుజులు కలిపారా? తర్వాతి కాలపు నాయక వంశాలు, మా ముత్తాత కూడా ఫలానా బురుజు మీద ఉన్నాడని చెప్పుకోవడానికి సంఖ్య పెంచుకున్నాయా? నాకు మూడోదే ఎక్కువ నమ్మకంగా ఉంది. ఓడిపోయిన కోటలో తమ తాత ఒక బురుజు కాశాడని చెప్పుకోవడం ఆ కాలంలో పెద్ద పరువు. పుస్తకం ఒక లెక్క, గోడ ఒక లెక్క చెప్పినప్పుడు గోడ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టే అవకాశం మనకి ఉండటమే గొప్ప. మన చరిత్రలో చాలా విషయాలకి ఆ అవకాశం కూడా లేదు.

గోడలు చేయగలిగింది, చేయలేనిది

1303 నుంచి 1323 దాకా, ఇరవై ఏళ్ళలో ఢిల్లీ నుంచి ఓరుగల్లు మీదికి ఐదు దండయాత్రలు జరిగాయి. అన్నీ చెప్పను, గోడకి సంబంధించినవే చెబుతాను.

1310 మొదట్లో మాలిక్ కాఫూర్ సైన్యం మట్టికోట చుట్టూ మకాం వేసింది. కొన్ని వారాలకి మట్టికోట దాటగలిగారు. కానీ ముందు రాతికోట, దాని అగడ్త. అక్కడ ప్రతాపరుద్రుడు సంధికి వచ్చి ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. అంటే రాతికోట పడలేదు. (కోహినూర్ కూడా ఆ మూటల్లోనే వెళ్ళిందని చాలామంది రాస్తారు. దానికి నేరుగా ఆధారం ఏమీ లేదు.)

1321లో ఉలుగ్ ఖాన్ వచ్చాడు, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు. నెలల తరబడి ముట్టడి సాగింది. ఈలోపు ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడని సైన్యంలో ఒక వదంతి పుట్టింది. సేనానులు కంగారుపడి విడిపోయారు, ముట్టడి చెదిరిపోయింది. ఒక ఫేక్ న్యూస్ మెసేజ్ ఒక కోటని కాపాడిందన్నమాట. కానీ 1323లో అతనే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఐదు నెలల ముట్టడి. గోడ ఎంత మందమైనా లోపలున్నవాళ్ళు తినాలి కదా. ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మదా తీరంలో చనిపోయాడని ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతుంది.

గోడని బద్దలు కొట్టలేనప్పుడు లోపలికి వచ్చే దారులన్నీ మూసేస్తే చాలు. మన భాషలో డినైయల్ ఆఫ్ సర్వీస్. గుండ్రటి కోటకి ఉన్న లాభమే ఇక్కడ నష్టం కూడా: చుట్టుకొలత తక్కువ కాబట్టి చుట్టుముట్టేవాడికీ పని తక్కువ.

క్రీడాభిరామంలోని ఇద్దరు స్నేహితులు తిరిగే ఓరుగల్లు ప్రతాపరుద్రుడి నాటి ఊరు. కానీ పుస్తకం రాసింది ఆ ఊరు పడిపోయాక. ఇది తెలిశాక ఆ పుస్తకం వేరేగా చదువుకుంటాం. అందులో ఏకవీర గుడి ఉంది, పల్నాటి వీరుల కథ పాడే ఆమె ఉంది, పొట్టేళ్ళ పోట్లాట, కోడిపందెం ఉన్నాయి. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూక ఇస్తే సన్నన్నం, గోధుమ వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్ళు, పెరుగు, మన హాస్టల్ మెస్ వాళ్ళకి చదివి వినిపించాల్సిన జాబితా. సరదా పుస్తకమే. కానీ ఆ సరదా అంతా లేని ఊరి గురించి. ముట్టడిలో ఐదు నెలలు ఆ పూటకూళ్ళ ఇంట్లో ఏం వండారో అందులో లేదు.

మధ్యలో

ఇప్పుడు తోరణాలు. నాలుగు దిక్కులా నాలుగు, దాదాపు 30 అడుగుల ఎత్తు. వీటిలో ఒకటి 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో ఉంది కాబట్టి బొమ్మగా అందరికీ తెలుసు. విజయతోరణం అని గైడ్లు చెబుతారు. కానీ ఇవి యుద్ధం గెలిచి కట్టినవి కావు, మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం ఆవరణకి నాలుగు ద్వారాలు. గుడి పోయింది, ద్వారాలు మిగిలాయి. పైన హంసలు, కింద మకరాలు, వేలాడే తామర మొగ్గలు. దేవుళ్ళ బొమ్మలు మాత్రం లేవు. అవి లేకపోవడం వల్లే ఇవి మిగిలాయని కొందరంటారు.

ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు, జాన్ హెన్రీ రైస్ కలిసి 2001లో ఒక వ్యాసం రాశారు. తుగ్లకులు ఈ ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చి, గుడి తీసేసి, అదే చోట ఒక మసీదు కట్టారనీ, తోరణాలని కావాలనే ఉంచుకున్నారనీ అందులో చూపించారు. ఆ తర్వాత మసీదూ పోయింది. గుడి ఆవరణకి ద్వారాలుగా పుట్టిన రాళ్ళు మసీదు ఆవరణకీ ద్వారాలయ్యాయి, ఇప్పుడు ప్రభుత్వ కాగితాలకి ముద్ర అయ్యాయి. అక్కడికి దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంది. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి, లోపల పెద్ద పెద్ద రాతి కమానులు. జనం దాన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటారు, కట్టుబడి మాత్రం తుగ్లకుల నాటిదని ఆ ఇద్దరి వాదన. షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి, తెలుగువాడు. 1504 నాటి ఆయన శాసనం ఈ కోటలోనే దొరికింది. ఆయన గురించి ఇంకో వ్యాసమే రాయొచ్చు, ఇక్కడ చోటు లేదు.

జార్జ్ మిషెల్ ఈ గుండ్రటి నగరాన్ని, మధ్యలో గుడి, నాలుగు దిక్కుల ద్వారాలతో కలిపి, విశ్వానికి ఒక నమూనాగా చదివాడు. నిజమే కావచ్చు. ఇందాక అర కిలోమీటరు గోడ మిగిలిందని నేను చెప్పిన లెక్కా నిజమే. ఆ స్థపతి మనసులో రెండూ ఉండి ఉండొచ్చు.

ఏకశిల గుట్ట ఎక్కడం మర్చిపోకండి. పైన చిన్న గుడి ఉంది. అక్కడి నుంచి గోడ వంపు కంటికి అందుతుంది, మొదట ఫోన్‌లో చూసిన గీత అదే.

కోటలో ఇళ్ళు

లోపల ఊరుంది. పడమర కోట, మధ్యకోట, తూర్పుకోట అని వాడల పేర్లు. మా పెద్దమ్మ వాళ్ళది మధ్యకోట. నేను గోడలు కొలుస్తున్నానని తెలిసి "గోడలు చూసుడేంది రా, మేం రోజూ చూస్తలేమా?" అంది. తర్వాత తనే చెప్పింది. కొడుకు పెళ్ళయింది, పైన ఒక గది వేసుకోవాలి, వేసుకునే వీలు లేదు. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. 2010లో చట్టం సవరించాక ఇది ఇంకా గట్టిపడింది. తాజ్‌మహల్‌కీ ఇదే కొలత, ఓరుగల్లుకీ ఇదే కొలత. కానీ ఒక్క కట్టడం చుట్టూ 100 మీటర్లు గీయడం వేరు, ఊరి చుట్టూ గోడ, ఊరి మధ్యలో తోరణాలు, పక్కన మహల్ ఉన్నచోట ప్రతిదాని చుట్టూ గీయడం వేరు. ఆ వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడితే మనిషి ఇల్లు కట్టుకునే చోటు ఎంత మిగులుతుందో మీరే మ్యాప్ మీద గీసి చూడండి.

చట్టం లేకపోతే పదేళ్ళలో గోడ మీద అపార్ట్‌మెంట్లు లేస్తాయని నాకు తెలుసు. మట్టికోట సంగతి పైన చెప్పాను కదా. కానీ గోడని 700 ఏళ్ళుగా అంటిపెట్టుకుని ఉన్నవాళ్ళే గోడ మీద విసుక్కునేలా చేసే పద్ధతి గోడకీ మంచిది కాదు. ఇళ్ళ ఎత్తుకి పరిమితి పెట్టి, గోడకి ఎంత దూరంలో ఏమేం చేసుకోవచ్చో కోట ఆకారం చూసి విడిగా రాసిన నియమాలు ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. పెద్దమ్మకి ఇది చెబితే "నువ్వు చదువుకో ముందు" అంది.

మధ్యకోట నుంచి రోడ్డు వెంట తూర్పుకి నడిస్తే తూర్పు గుమ్మం. ఇక్కడ జనం తక్కువ, గోడ, అగడ్త తీరిగ్గా చూడొచ్చు. కొన్నిచోట్ల అగడ్తలో ఇంకా నీళ్ళుంటాయి. గుమ్మం దాటి పొలాల మీదుగా ఇంకో 600 మీటర్లు పోతే మళ్ళీ మట్టికోట, ఈసారి లోపలి వైపు నుంచి వస్తున్నాం కాబట్టి ఎక్కడం తేలిక. నీళ్ళ సీసా తెచ్చుకోండి, టోపీ కూడా. అటు వైపు ఆటోలు దొరకడం కష్టం, తిరిగి మధ్యకోట దాకా నడవాలి.